అవతలి మోకు

ఏటికి అడ్డంగా కేకేసి చెప్పగలిగే మాటలు కొన్నే ఉంటాయి. ఉప్పు అని కేకేయవచ్చు. దూది, కిరసనాయిలు, జ్వరం మాత్రలు అని కేకేయవచ్చు. పొద్దున గాలి లేవకముందైతే మాట చివరిదాకా అందుతుంది. ఎండ ఎక్కాక సగమే అందుతుంది. నిద్ర పట్టిందా అని మాత్రం కేకేసి అడగడం కుదరదు. అడిగితే రేవులో ఉన్నవాళ్లందరూ వింటారు. జవాబు కూడా వాళ్లే చెబుతారు.

ఈ సంగతి సరంగక్కకు ఏటి మీద రాకపోకలు మూసిన మొదటి వారంలోనే తెలిసింది.

బల్లకట్టు నడిపే సరంగుకు ఆమె భార్య. ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ ఆమె సరంగక్కే. ఊరికి వెనక కొండ, ముందు ఏరు. బయటికి పోవాలంటే బల్లకట్టొక్కటే దారి. ఊరంతా పెంకులు చేసి బతుకుతుంది. బట్టీలో కాల్చిన పెంకులు బల్లకట్టు మీద అవతలి ఒడ్డుకు వెళ్తాయి, అక్కణ్ణించి లారీలో పట్నానికి. తిరుగుదారిలో ఊరికి కావలసినవి వస్తాయి. కొండ అడ్డం కావడంతో ఫోన్లు పలకవు. ఉన్న ఒకటి రెండింటితో పిల్లలు ఆడుకుంటారు.

బల్లకట్టంటే రెండు పడవల మీద పలకలు పరిచి బిగించింది. ఇంజను లేదు. ఈ ఒడ్డున ఒక గుంజ, ఆ ఒడ్డున ఒక గుంజ, రెంటికీ కలిపి కట్టిన మోకు. సరంగు బల్లకట్టు మీద నిలబడి ఆ మోకును చేతులతో లాగుతూ ఒడ్డు చేర్చేవాడు. బరువెక్కువైన రోజున సరంగక్క కూడా ఎక్కి, అతని వెనక నిలబడి లాగేది.

జబ్బు ఊళ్లోకి వచ్చింది కూడా ఆ బల్లకట్టు మీదే. పెంకులు బేరం చేయడానికి పట్నం నుంచి వచ్చిన మనిషి దగ్గుతూ ఎక్కాడు, దగ్గుతూ దిగాడు. చొక్కా గుండీ ఊడితే దర్జీ కొట్లో కూర్చుని కుట్టించుకున్నాడు. బట్టీ దగ్గర చలి కాచుకున్నాడు. దర్జీ తల్లి పోయింది. బట్టీలో నిప్పు చూసే అన్నదమ్ములిద్దరూ పోయారు. బేరగాడు మాత్రం బాగానే ఉన్నాడని తర్వాత కబురు వచ్చింది.

అప్పుడు ఊళ్లో మందులిచ్చే నర్సమ్మ ఊరిని పిలిచింది. బడిలోకి కాదు, పెంకులు ఆరబెట్టే మైదానంలోకి. అక్కడ ఏ ఇంటి వరస ఆ ఇంటికి ఉంటుంది. ఎవరి పచ్చి పెంకులు వాళ్లు తమ వరసలోనే పరుస్తారు. పక్క వరసలో కాలు పెట్టరు. తాతల నాటి నుంచి ఊళ్లో కొట్లాటలన్నీ ఆ కాలు దగ్గరే మొదలయ్యాయి.

"ఎవరి వరసలో వాళ్లు నిలబడండి" అంది నర్సమ్మ. "పక్కవాడు మీ పెంకు తొక్కితే ఎంత గొడవ పడతారో, వాడి ఊపిరి మీకు తగిలినా అంతే గొడవ పడండి. ఇది ఊపిరితో వచ్చే జబ్బు."

ఆ ఒక్క మాటతో ఊరికి సగం సంగతి అర్థమైంది. మిగిలిన సగం వాళ్లే మాట్లాడుకున్నారు. బట్టీలో ఏ నలుగురు కలిసి పని చేస్తారో ఆ నలుగురే ఎప్పుడూ కలిసి చేయాలి, గుంపులు మారకూడదు. దగ్గు మొదలైనవాళ్లు గోడలు లేని పెంకుల పాకలో పడుకోవాలి, గాలి అటు నుంచి ఇటు పోతుంది. ముసలివాళ్లకు గిన్నె గుమ్మంలో పెట్టి వెనక్కి రావాలి. పిల్లలకు చదువు మైదానంలోనే, ఎవరి వరసలో వాళ్లు. రేవులో సరుకు దించడానికి రోజుకొక ఇల్లు.

"ఇవన్నీ సరే" అన్నాడు బట్టీ పెద్దాయన. "ఏటి సంగతేంటి? బల్లకట్టు ఆపితే పెంకులు పోవు. పెంకులు పోకపోతే మందులు రావు. ఆపకపోతే మళ్లీ ఒకడు దగ్గుతూ దిగుతాడు."

 సరంగు తన వరసలోంచి ఒక అడుగు ముందుకు వేయబోయి, పక్కవాళ్ల పెంకు గుర్తొచ్చి ఆగాడు.

"మనిషి దాటకూడదు, సరుకు దాటాలి. అంతేగా?" అన్నాడు. "మోకును నడిమికి కోసి, రెండు ముక్కలకూ ఇంకో మోకు అతికి పొడుగు చేద్దాం. ఒక ముక్క బల్లకట్టుకు ఇటువైపు కడదాం, ఒక ముక్క అటువైపు. ఇటు నుంచి ఒకరు లాగితే ఇటొస్తుంది, అటు నుంచి ఒకరు లాగితే అటు పోతుంది. మధ్యలో మనిషి అక్కర్లేదు."

"అటు ఎవరుంటారు?" అని అడిగాడు దర్జీ. తల్లి పోయాక అతను మాట్లాడిన మొదటి మాట అది.

"నేనుంటా. అవతలి పాకలో. నర్సమ్మ మోకు కలిపి కట్టమన్న రోజున ఇటొస్తా. అందాకా ఎవరూ దాటకూడదు. నేనైనా సరే, నా పెళ్లామైనా సరే."

సరంగుకు సొంత అక్క ఒకావిడ వాళ్లింట్లోనే ఉంటుంది. సరంగక్కకు వదిన. ఆవిడ నోటికి గుంజా లేదు, మోకూ లేదు. "ఓరి నీ అసాధ్యం కూలా! పెళ్లాం దగ్గర్నుంచి తప్పించుకోడానికి నీకు ఏరంత అడ్డం కావాల్సొచ్చిందిట్రా!" అంది.

మైదానం అంతా నవ్వింది. చావుల తర్వాత ఊరు నవ్వడం అదే మొదలు. సరంగక్క కూడా నవ్వింది. ఇంటికి వచ్చాక నవ్వలేదు.

"నాకో మాట ముందు చెప్పొచ్చుగా?"

"చెప్తే వద్దంటావు."

"అంటాను."

"అందుకే చెప్పలేదు."

అతను చాప చుట్టుకున్నాడు. లాంతరు, తువ్వాలు, రెండు చొక్కాలు తీసుకున్నాడు. ఆమె దుప్పటి మడతపెడుతూ వెనక్కి తిరగలేదు. మడత సరిగా రాలేదని విప్పి మళ్లీ పెట్టింది. అది అయ్యేసరికి అతను రేవు చేరాడు. ఆమె వెళ్లి ఇటు మోకు పట్టుకుంది. అవతల లాగడానికి ఇంకా ఎవరూ లేరు కనుక, ఆ ఒక్కసారికి అతను గెడ వేసుకుంటూ వెళ్లాడు. ఆమె వదులుతూ పోయింది. ఇద్దరూ మాట్లాడలేదు. ఆ రోజు మాట్లాడి ఉంటే బాగుండేదని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది.

*

కేకల్లో పట్టని మాటలు మోకులో పడతాయని ఆమె కనుక్కోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

బల్లకట్టు అవతలికి పోయేటప్పుడు అతను లాగుతాడు, ఆమె వదులుతుంది. మోకు ఆమె అరచేతుల్లోంచి జారుతుంది. అతను లాగే తీరు ఆ జారడంలో తెలుస్తుంది. మూడు లాగులు, ఒక ఊపిరి. మళ్లీ మూడు లాగులు, ఒక ఊపిరి. వెనక నిలబడి లాగిన రోజుల్లో ఆమె ఆ లెక్కకే అడుగు వేసేది. కానీ అప్పుడెప్పుడూ దాన్ని విన్నది లేదు. పక్కనున్న మనిషి ఊపిరి ఎవరు వింటారు?

ఏటి నడుమ నల్లబండ ఉంది. నీళ్ల కింద ఉంటుంది, పైకి కనిపించేది నురగే. బల్లకట్టు దాని దగ్గరికి వచ్చినప్పుడు లాగడం ఆపి మోకు కాస్త వదలాలి. ఏరే బల్లకట్టును కిందికి జరుపుతుంది. బండ తప్పాక మళ్లీ లాగాలి. ఎక్కడ వదలాలో గుర్తు పెట్టుకోవడానికి లేదు. నీళ్లు పెరిగితే ఒకచోట, తగ్గితే ఇంకోచోట. సరంగుకు అది చేతికి తెలుస్తుంది. "బండ నాకు మేనమామ. ఎప్పుడు అలుగుతాడో నాకు తెలుసు" అనేవాడు.

అక్కడ మోకు ఆమె చేతిలో ఒక్క క్షణం ఖాళీ అవుతుంది. ఆ క్షణం కోసం ఆమె రోజూ చూసేది. అతను అవతల ఆగాడు, ఆమె ఇవతల ఆగింది, ఇద్దరి మధ్యా ఏరు ఒక్కటే కదులుతోంది. తర్వాత మళ్లీ మూడు లాగులు.

బల్లకట్టు ఇటు వచ్చేటప్పుడు ఆమె లాగుతుంది. ఆమె కూడా మూడు లాగి ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. నాలుగో రోజో అయిదో రోజో కావాలని నాలుగు లాగింది. అవతలి నుంచి మోకు గట్టిగా బిగిసింది. అతను వదలడం మానేశాడు. ఆమె ఊపిరి తీసుకున్నాక గానీ వదల్లేదు.

ఆమె ఒక్కతే నవ్వుకోవడం వదిన చూసింది.

"ఏంటే, ఏటితో సరసాలా?"

"మీ తమ్ముడు మోకు పట్టేస్తున్నాడు వదినా."

"వాడు ఎక్కడ పట్టాల్సినవి అక్కడ పట్టడు. మోకులు పట్టుకుంటాడు" అంది వదిన. రేవులో ఆ రోజు వంతు వచ్చిన ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అవతలి ఒడ్డుకు లారీ తెచ్చేవాణ్ని ఊరు నిచ్చెన అంటుంది. తన లారీలోకే వంగి ఎక్కాలి, అంత పొడుగు. అతనికి జబ్బు పట్నంలో ముందే వచ్చి తగ్గింది. సరుకు దించి, పెంకులు ఎక్కించుకుని, సరంగుతో గుమ్మం బయట కూర్చుని కాస్త మాట్లాడి వెళ్లేవాడు. అతను మాట్లాడటం, సరంగు తల ఊపడం ఇటు నుంచి కనిపించేది. ఏం మాట్లాడుకుంటున్నారో వినిపించేది కాదు. నిచ్చెనను చూస్తే ఆమెకు కుళ్లుగా ఉండేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోదగ్గ కుళ్లు కాదది.

ఊరు నిలబడింది. పెంకుల పాకలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి ఇళ్లకు వెళ్లారు. కొత్తగా దగ్గేవాళ్లు లేరు. అయినా నర్సమ్మ మోకు కలపమనలేదు. పట్నంలో ఇంకా తగ్గలేదని లారీతో కబురు వస్తూనే ఉంది. "ఇల్లలకగానే పండగైపోదు" అందావిడ.

*

ఒక పొద్దున సరంగక్క కేకకు సరంగు నుంచి జవాబు రాలేదు.

అతని చొక్కా వేసుకున్న మనిషే గుంజ దగ్గర ఉన్నాడు. తలకు తువ్వాలు చుట్టి ఉంది. సరంగక్క మళ్లీ పిలిచింది. ఆ మనిషి గొంతు మీద చెయ్యి పెట్టి అడ్డంగా ఊపాడు. గొంతు పోయిందన్నమాట. 

"జ్వరమా?" అని కేకేసింది.

చెయ్యి మళ్లీ అడ్డంగా ఊగింది. లేదు.

బల్లకట్టు ఇటువైపే ఉంది, పెంకులతో. ఆమె మోకు చేతిలోకి తీసుకుంది. అవతల లాగడం మొదలైంది. మూడు లాగులు, ఒక ఊపిరి. బండ దగ్గర వదిలాడు, మళ్లీ లాగాడు. ఎక్కడా తేడా లేదు. ఆమె భుజాలు దిగాయి. గొంతే పోయింది, మనిషి బాగానే ఉన్నాడు.

"కేకలేసి కేకలేసి పోయుంటుంది" అంది వదినతో.

వదిన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. "తమ్ముడు వంగిపోయాడేంటే?"

"నడుం పట్టేసిందేమో."

"చొక్కా కూడా పొట్టిదయినట్టుంది. మోచేతుల దగ్గరికి పోయింది."

"ఉతికితే ముడుచుకుని ఉంటుందిలే వదినా."

"ఎవరుతికారు? మీ ఆయనా? పుట్టి బుద్ధెరిగాక వాడు జేబురుమాలు ఉతికిన పాపాన పోలేదు." ఇంకాస్త పక్కకు చూసి, "లారీ అక్కడే ఉంది. లారీవాడేడి?" అంది.

"కిందెక్కడో దూరి బాగు చేసుకుంటున్నాడేమో."

సరంగక్క వదిన మాట పట్టించుకోలేదు. కన్ను ఏటికి అడ్డంగా ఎంతైనా తప్పు చూస్తుంది. మోకు తప్పు చెప్పదు. మరునాడూ మూడు లాగులే, ఆ మరునాడూ మూడు లాగులే. ఒక రోజు పరీక్షగా నాలుగు లాగింది. అవతల మోకు బిగియలేదు. మనసు బాగాలేదేమో అనుకుంది. అనుకుని, ఆ రోజంతా వంటింట్లో గిన్నెలతో విసురుగా ఉంది. గొంతు పోతే చేతులు కూడా పోయాయా? ఒక్కసారి పట్టి ఉంచడానికి ఏమొచ్చింది?

కొండ మీద వానలు ఆగాయి. ఏరు తగ్గడం మొదలుపెట్టింది. రేవులో మెట్టు ఒకటి బయటపడింది, దాని మీద పాచి ఎండింది.

ఆ రోజు బల్లకట్టు నిండా పెంకులు. మూడు లాగులు, ఊపిరి, మూడు లాగులు. బల్లకట్టు బండకు దగ్గరవుతోంది. నీళ్లు తగ్గాయి కనుక బండ పైకి వచ్చి ఉంటుంది. ముందే వదలాలి. మోకు ఇప్పుడు ఖాళీ కావాలి అని ఆమె చేతులు అనుకున్నాయి. కాలేదు. ఇంకొక లాగు వచ్చింది. పలకలు బండను ఒరుసుకున్న చప్పుడు రేవు దాకా వినిపించింది. బల్లకట్టు ఒక పక్కకు ఒరిగింది. పై వరస పెంకులు జారి నీళ్లలో పడ్డాయి. అప్పుడు మోకు ఖాళీ అయింది, నీళ్లు నిండుగా ఉన్న రోజుల్లో ఎక్కడ కావాలో సరిగ్గా అక్కడ.

"అయ్యయ్యో, పెంకులు!" అని రేవులో ఎవరో అరిచారు.

"మీ ఆయనకు మేనమామ మీద కోపమొచ్చినట్టుంది" అన్నారు ఇంకెవరో.

సరంగక్క మోకు మాత్రం గట్టిగా పట్టుకుంది. బల్లకట్టు అవతలి ఒడ్డు చేరాక కూడా వదల్లేదు. వదినే వచ్చి వేళ్లు విడదీసింది.

మర్నాడు కూడా అదే చోట అదే చప్పుడు. ఒకసారి తప్పు ఎవరైనా చేస్తారు. ఒకే చోట అదే తప్పు సరంగు చేతులు రెండోసారి చేయవు. మూడు లాగులు ఒకరికి నేర్పవచ్చు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నేర్పవచ్చు, బండ దగ్గర వదలమని గుర్తు చూపించవచ్చు. తగ్గుతున్న నీళ్లను మంచం మీద పడుకుని నేర్పడం కుదరదు.

మంచం మీద. ఆ మాట తనకు తానుగా వచ్చింది. ఆమె దాన్ని అక్కడే ఉంచి ఇంటికి నడిచింది.

*

తెల్లారి గాలి లేవకముందే రేవుకు వచ్చింది. వెనకే వదిన వచ్చింది, ఎందుకని అడక్కుండా. ఆ రోజు వంతు దర్జీది. అతను అప్పటికే వచ్చి, తనకు గీసిన చోటులో నిలబడి ఉన్నాడు. బల్లకట్టు ఇటువైపే ఉంది, ఖాళీగా.

అవతల చొక్కా, తువ్వాలు గుంజ దగ్గరికి వచ్చాయి.

"ఒరే నిచ్చెనా!" అని కేకేసింది సరంగక్క.

ఆ మనిషి కదల్లేదు.

"తువ్వాలు తియ్యి!"

 తర్వాత అతను తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. మోకాళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టి, నడుం, భుజాలు, మెడ, ఒకదాని తర్వాత ఒకటి నిఠారు చేసుకున్నాడు. చూస్తుండగానే ఆ మనిషి గుంజకంటే పొడుగయ్యాడు. చొక్కా బొడ్డు మీదికి పోయింది.

వదిన నోట్లో కొంగు కుక్కుకుంది. నవ్వో ఏడుపో ఆవిడకే తెలియదు.

"క్షమించక్కా!" అన్నాడు నిచ్చెన. గొంతు శుభ్రంగా ఉంది. "బావే చెయ్యమన్నాడు. నీకు తెలిస్తే ఆగవన్నాడు."

"ఎలా ఉన్నాడు?"

"జ్వరం. దగ్గు. పట్నం నుంచి డాక్టరొచ్చి చూసి వెళ్తున్నాడు. ఆస్పత్రికి అక్కర్లేదన్నాడు. మందులిస్తున్నా. నాకొచ్చి పోయిందిగా, నేనే చూసుకుంటున్నా. నాలుగు రోజులూ గడవాలన్నాడు."

"తింటున్నాడా?"

"పెడితే తింటున్నాడు. తిడుతూ తింటున్నాడు."

ఆమె వంగి గుంజకు కట్టిన ముడి విప్పింది. మోకు ఒడ్డున పడేసి బల్లకట్టు ఎక్కింది. పలకలు చల్లగా ఉన్నాయి.

దర్జీ తన గీత దాటి రాలేదు. "అక్కా" అన్నాడు.

ఆమె అతని వైపు తిరిగింది. ఊళ్లో ఈ రూలు తప్పితే ఊరుకోనివాడు అతనొక్కడే. పిల్లలు పక్క వరసలోకి బంతి వేస్తే కూడా అరిచేవాడు. తల్లిని చివరి రోజుల్లో నర్సమ్మ మాట మీద గుమ్మం బయటే నిలబడి, ఏడడుగుల దూరం నుంచి చూసినవాడు.

"ఆపుతావా?"

"ఆపను." అతను కింద చూస్తూ అన్నాడు. "నేనప్పుడు దగ్గరికి వెళ్లి ఉంటే బాగుండేదని రోజూ అనుకుంటా. వెళ్లి ఉంటే నా పిల్లలకు అంటేదనీ రోజూ అనుకుంటా. రెండూ నిజమే అక్కా. నువ్వెళ్తానంటే నేను అటు తిరిగి నిలబడతా." అని నిజంగానే కొండ వైపు తిరిగాడు.

వదిన ఇటు మోకు చేతిలోకి తీసుకుంది. ఆవిడ కూడా ఆపలేదు. "వదలనా?" అంది. ఆవిడ ఒక్క మాటతో ఊరుకోవడం సరంగక్క అప్పుడే చూసింది.

అవతల నిచ్చెన మోకు పట్టుకుని నిలబడ్డాడు. "అక్కా! నువ్వెక్కితే మోకు గుంజకు కట్టెయ్యమన్నాడు బావ. నువ్వేమో ఎక్కేశావు. మీ ఇద్దరి మధ్యా నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యా! చెప్పు. నువ్వు లాగమంటే లాగుతా."

ఆమె నడిచి బల్లకట్టు చివరికి వెళ్లింది. ఇక్కణ్ణించి పాక గుమ్మం కనిపిస్తోంది. గుమ్మం పక్కన అతని చెప్పులున్నాయి. అతను చెప్పులు ఎప్పుడూ గోడకు ఆనించి నిలబెడతాడు, తేలు దూరుతుందని. ఇప్పుడు పడి ఉన్నాయి.

"ఏమయ్యా!" అని కేకేసింది. నిచ్చెనకు కాదు. "వినిపిస్తోందా? మూడు లాగులు నేర్పావు. ఊపిరి నేర్పావు. నీ చొక్కా తొడిగావు. నేను కనిపెట్టలేననుకున్నావా? నా చేతుల్లోంచి రోజూ పోయే మనిషివి, లాగేది నువ్వో కాదో నాకు తెలియదనుకున్నావా? చాప చుట్టుకుని పోయావు, ఒక్క మాటన్నావా? నేనన్నానా? అది తప్పు కాదా? వచ్చి మోకాళ్లు విరగ్గొడతా! విన్నావా? నాకు నిద్ర పట్టడం లేదు. నీకు పడుతోందా?"

ఊళ్లో తలుపులు తెరుచుకున్నాయి. వాళ్లంతా విన్నారు. వినకూడనిదేమీ ఆమె మిగల్చలేదు.

నిచ్చెన గుమ్మం దగ్గరికి వెళ్లి వంగి లోపలికి చెవి పెట్టాడు. చాలాసేపు ఉన్నాడు. తిరిగి వచ్చాడు.

"ఏమన్నాడు?"

"బండ దగ్గర నీళ్లు ఎంత తగ్గాయని అడుగుతున్నాడక్కా!"

ఆమె పలకల మీద కూర్చుంది. వదినకు వెనక నుంచి ఆమె వీపే కనిపించింది, అది ఊగడం కనిపించింది.

అతను అన్నదంతా ఆ ప్రశ్నలో ఉంది. పెంకులు పోయాయని విన్నాడు. తను పడుకుని ఉంటే ఊరి సరుకు బండకు కొట్టుకుంటోందని పడుకోలేకపోతున్నాడు. ఆమె దాటితే ఇటు మోకు ఎవరు పడతారు? వదిన చేతులకు రెండు రోజుల బలం ఉంటుంది. తర్వాత బల్లకట్టు ఆగుతుంది, లేదా ఎవడో ఒకడు ఎక్కి దాటిస్తాడు, వాడి వెనక ఇంకొకడు. ఇన్నాళ్లు అతను అక్కడ ఉన్నది అందుకు కాదు. జ్వరంలో కూడా తన ఊపిరి ఇంకొకరికి నేర్పింది అందుకు కాదు.

ఆమె లేచింది. బల్లకట్టు దిగింది. వదిన చేతిలోంచి మోకు తీసుకుంది.

"మూరెడు తగ్గాయని చెప్పు!" అని కేకేసింది. "ఒరే నిచ్చెనా, నువ్వు పాత గుర్తు చూసి వదులుతున్నావు. చూడకు. నేను చెయ్యెత్తినప్పుడు వదులు. దించాక లాగు. అర్థమైందా?"

"అయిందక్కా!"

"పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గుమ్మంలోకి వచ్చి ఆయనెలా ఉన్నాడో చెప్పు. అబద్ధమాడితే నీ లారీ ఏట్లో ఉంటుంది."

దర్జీ ఇటు తిరిగాడు. పెంకులు ఎత్తడం మొదలుపెట్టాడు.

*

ఆ రోజు నుంచి ఆమె చెయ్యెత్తేది, నిచ్చెన వదిలేవాడు. పెంకులు మళ్లీ పడలేదు. పొద్దునా సాయంత్రం కబురు వచ్చేది. జ్వరం ఉంది. జ్వరం ఉంది, దగ్గు ఎక్కువైంది. రాత్రంతా కూర్చునే ఉన్నాడు. ఆ కబురు వచ్చిన రోజున వదిన తిట్లు మానేసింది. ఇంట్లో ఆ మౌనం భరించలేక సరంగక్కే, "ఏమైనా అను వదినా" అని బతిమాలింది. తర్వాత, జ్వరం తగ్గింది. తర్వాత, నన్ను బూతులు తిట్టాడు. ఆ సాయంత్రం వదిన ఊరంతా తిరిగి, ఎవరి గుమ్మం ముందు వాళ్లను నిలబెట్టి, తమ్ముడు తిట్టిన బూతులు వరసగా చెప్పి వచ్చింది.

నీళ్లు ఇంకా తగ్గాయి. ఇంకొక మెట్టు బయటపడింది.

ఒక పొద్దున మంచు పట్టి అవతలి ఒడ్డు కనిపించలేదు. ఆమె చెయ్యెత్తినా అటు కనిపించదు. ఆగుదామా అంది వదిన. అంతలోనే అవతల మోకు కదిలింది. ఒక లాగు. ఆగింది. ఇంకో లాగు, సగమే. చాలాసేపు ఏమీ లేదు. మూడోది రాలేదు. మళ్లీ ఒక లాగు.

"వీడికేమైంది? నిద్రలో లాగుతున్నాడా?" అంది వదిన.

సరంగక్క నీళ్లలోకి దిగింది. మోకాళ్ల దాకా దిగి, బల్లకట్టును వెనక నుంచి రెండు చేతులతో తోసింది. బరువు అవతలివాడి మీద పడకుండా మోకును ముందుగానే వదిలి పెట్టసాగింది. బల్లకట్టు మంచులోకి పోయింది. పలకలు కనిపించడం మానేశాయి. మోకు ఒక్కటే తెల్లటి దానిలోంచి ఆమె చేతుల దాకా ఉంది.

బండ దగ్గరపడింది. నిన్న ఎక్కడ చెయ్యెత్తిందో ఆమెకు తెలుసు. ఇవాళ నీళ్లు ఇంకాస్త తగ్గాయి, నిన్నటి చోటుకంటే ముందే వదలాలి. ఆ సంగతి ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు.

ఆమె అనుకున్న చోటే మోకు ఖాళీ అయింది. బల్లకట్టు చప్పుడు లేకుండా జరిగింది.

ఆమె నీళ్లలో అలాగే నిలబడింది. మళ్లీ లాగు రావాలి. రాలేదు. అవతల అలిసిపోయి ఆగాడు. ఊపిరి తీసుకుంటున్నాడు. పెద్ద ఊపిరి. ఆమె తొందర పెట్టలేదు. తను కూడా ఊపిరి తీసుకుంది. మంచు ఎత్తాక కూడా అతను దాటడు, ఆమె దాటదు. నర్సమ్మ మోకు కలపమనేదాకా ఇంతే. అది ఎప్పుడో నర్సమ్మకు కూడా తెలియదు.

మోకు కాస్త బిగిసింది. లాగడానికి కాదు. పట్టి ఉంచడానికి. ఆమె కూడా పట్టి ఉంచింది. మధ్యలో ఏరు మోకును వణికిస్తూ పోతోంది.

వెనక రేవులో ఆ రోజు వంతు ఇంటివాళ్లు వచ్చి నిలబడ్డారు. "ఏమైందత్తా, బల్లకట్టు ఆగిందా?" అని అడుగుతున్నారు.

"ఆగలేదు" అంది వదిన. ఆవిడ సరంగక్క వీపు చూస్తోంది, మోకు చూస్తోంది. ఆవిడకు ఇప్పుడు తెలిసింది. "కాస్త ఆగండి. మావాళ్లు మాట్లాడుకుంటున్నారు."